బరువు నడక

ఆ ఇంట్లో ఒక రూలుంది. భోజనాల బల్ల దగ్గర సమ్మె మాట ఎత్తినవాళ్ళు ఆ పూట అంట్లు తోమాలి. రూలు పెట్టింది అత్తగారు. పెట్టిన రోజు నుంచీ ఆవిడ చేతికి తడి తగిలితే ఒట్టు.

ఎలా తగులుతుంది? ఆ ఇంట్లో సమ్మె చేస్తున్నది మామగారు. ఆ సమ్మె వల్ల పని ఆగిపోయి గోళ్ళు గిల్లుకుంటున్నది కొత్తకోడలు. ఇద్దరూ ఒకే బల్లకి అటొకరూ ఇటొకరూ కూర్చుని ఒకే గిన్నెలోంచి కూర వడ్డించుకుంటారు. మధ్యలో కూర్చునే పెళ్ళికొడుకుది అడకత్తెరలో పోకచెక్క బతుకు. పెళ్ళయి పంతొమ్మిది రోజులే అయింది కనక ఇంకా పెళ్ళికొడుకే.

మామగారు సినిమా లైట్ల మేస్త్రి. ముప్ఫై అయిదేళ్ళుగా ఇతరుల మొహాల మీద వెలుగు వేయడమే ఆయన పని. లైట్లవాళ్ళ సంఘానికి అధ్యక్షుడు కూడా. కోడలు లొకేషన్ మేనేజరు. కథలో కోట అని రాసి ఉంటే కోట, గుహ అని రాసి ఉంటే గుహ, అది ఎక్కడుందో ఆమె వెతికి పెట్టాలి. ఎక్కడికైనా సరే దారి చెప్పేస్తుందని యూనిట్లో అందరూ ఆమెను దిక్సూచి అంటారు. ఆ దిక్సూచి జీవితంలో ఒకే ఒక్కసారి తప్పుదారి చూపింది. తండ్రి మరిచిపోయిన కళ్ళజోడు ఇవ్వడానికి షూటింగుకి వచ్చిన ఒకతను, లైట్ల వ్యాన్ ఎటండీ అని అడిగితే, అతని మొహంకేసి చూస్తూ ఎటో చెయ్యి చూపించింది. అతను గంటసేపు పాడుబడ్డ నీళ్ళట్యాంకు చుట్టూ ప్రదక్షిణలు చేసి, ఒళ్ళంతా దుమ్ముతో తిరిగొచ్చి, "మీరు చెప్పిన దారి చాలా బాగుందండీ. మళ్ళీ ఎప్పుడైనా తప్పిపోవాలనిపిస్తే మిమ్మల్నే అడుగుతాను" అన్నాడు. అన్నవాడు అడగనే అడిగాడు. పెళ్ళయిపోయింది.

ఈ పంతొమ్మిది రోజుల్లో ఆమెకి తెలిసిన సంగతులు అన్నీ ఇన్నీ కావు. అతను పళ్ళు తోముకుంటూ కూనిరాగం తీస్తాడు. నురగ వల్ల అది ఏ పాటో దేవుడికి కూడా తెలియదు. కళ్ళద్దాల దుకాణంలో కళ్ళు పరీక్ష చేసే ఉద్యోగం కనక, ఇంట్లో తండ్రిదైనా ఆమెదైనా ఎవరి జోడు కనిపించినా చొక్కా అంచుతో తుడిచి పెడతాడు. తువ్వాలు మడత పెట్టమంటే మూడు మూలలుగా మడుస్తాడు, అదేమంటే నాలుగోది దాచానంటాడు. వాళ్ళ గదిలో ఉన్నది ఒకటే కొక్కెం. దానికి ముందు ఆమె సంచీ, దాని మీద అతని సంచీ. పొద్దున్నే తన సంచీ కోసం అతని సంచీ తీయవలసి వచ్చినప్పుడల్లా ఆమెకి ఊరికే నవ్వొస్తుంది. రెండో కొక్కెం కొట్టిస్తానని అతను రెండుసార్లు అన్నాడు. వద్దంటే వద్దంది. అత్తమామల ఎదుట "ఏవండీ, మీరు" అని పిలుస్తుంది. గది తలుపు పడగానే "ఒరేయ్" అంటుంది. మర్యాదకీ చనువుకీ మధ్య అడ్డం ఆ తలుపు గడియ ఒక్కటే.

కాళ్ళు నేల మీద ఆనని ఈ రోజుల్లోనే ఆమెకి తల మీద కొండంత పని పడింది. ఉత్తమాట కాదు, నిజంగానే కొండ.

సినిమా తీస్తున్నది ఒక లావుపాటి నవలని. మబ్బుల్ని పశువుల్లా మేపుకునే జాతి కథ అది. వాళ్ళు పొద్దున్నే మబ్బుల మందని లోయల్లోకి తోలుకెళ్ళి, సాయంత్రానికి కొండమీద కోటకి తోలుకొస్తారు. కరువు దేశాలవాళ్ళు వచ్చి పుష్టిగా ఉన్న మబ్బుని చూసి బేరమాడి తీసుకుపోతారు. మందలో ఒక పిల్లమబ్బు మాత్రం చెప్పిన మాట వినదు. దాని వెనకాల పరుగులు పెట్టే అమ్మాయే కథానాయిక. దర్శకుడు ఆ నవల కాలేజీలో ఉండగా చదివి, పదకొండేళ్ళుగా ఆకాశానికి నిచ్చెనలు వేస్తున్నాడు. ఆ నిచ్చెన ఆనించడానికి ఒక గోడ వెతకమని దిక్సూచికి అప్పగించాడు. ఇన్నాళ్ళూ ఎవరో ఒకరి కింద సహాయకురాలిగా చేసిన ఆమెకి సొంతంగా చేస్తున్న మొదటి సినిమా ఇదే.

నాలుగు నెలలు తిరిగి, వెతికి పట్టుకుంది. ఊరికి మూడు గంటల దూరంలో కొండమీద ఒక పాతకోట. పొద్దున్న పదింటి దాకా కోట బురుజు మీద నిలబడితే కాళ్ళ కింద మబ్బులు మేస్తూ కనిపిస్తాయి. దర్శకుడు ఫోటోలు చూసి కుర్చీ ఎక్కి గంతేశాడు. చిక్కల్లా ఒకటే. ఆ కోటకి ఆరువందల పన్నెండు మెట్లు.

సరిగ్గా అప్పుడే లైట్లవాళ్ళు, సెట్టు వడ్రంగులు, వ్యాన్ డ్రైవర్లు కలిసి పని బందు పెట్టారు. పదిరోజులైంది. ఎక్కడి వ్యాన్లు అక్కడే.

"శుక్రవారం సాయంత్రం దాకా చూస్తారటండీ నిర్మాతగారు," అందామె ఆ సాయంత్రం భోజనాల దగ్గర, భర్తతో అన్నట్టుగా, మామగారికి వినపడేటట్టుగా. "ఆ తర్వాత సినిమా మొత్తం సముద్రం అవతల ఏదో స్టూడియోలో తీసేస్తారట. వెనకాల పచ్చగుడ్డ కట్టి, కొండా కోటా కంప్యూటర్లో గీసేస్తారట. మనవాళ్ళెవరూ అక్కర్లేదట. నేను కూడా."

"అంట్లు," అన్నారు అత్తగారు.

"నేను సమ్మె మాటెత్తలేదత్తయ్యా! పచ్చగుడ్డ మాటెత్తాను."

"అది ఏ గుడ్డో నాకు తెలుసులే. అంట్లు."

"పచ్చగుడ్డకి మాత్రం లైటు వెయ్యకపోతే ఏం కనపడుతుంది? ఎవడి మొహం వాడికి కనపడదు," అన్నారు మామగారు.

"మీరూను," అన్నారావిడ హాయిగా. "ఇద్దరూ కలిసి తోమండి. ఇవాళ పెద్ద గిన్నె మాడింది కూడా."

పోకచెక్క తలొంచుకుని, నవ్వు కనపడకుండా మంచినీళ్ళు తాగుతూ ఉండిపోయాడు.

మామగారు తోముతుంటే కోడలు కడిగి బోర్లించింది. బయట పులిలా ఉండే మేస్త్రి సింకు దగ్గర చొక్కా చేతులు పైకి మడుచుకుని ఎంతో శ్రద్ధగా గరిటె వెనకవైపు కూడా తోముతుండడం చూస్తే ఆమెకి ముచ్చటేసింది. ముచ్చట ముచ్చటే, గొడవ గొడవే.

"అసలు మీకేం కావాలి మామయ్యగారూ? ఒక్క ముక్కలో చెప్పండి."

"బరువు నడక."

"అంటే?"

"నీకు చెప్పేవాళ్ళు లేరన్నమాట. తప్పు మాదే." ఆయన గరిటె పక్కన పెట్టారు. "మేం పనిలోకొచ్చిన రోజుల్లో లొకేషను ఖాయం చేసేముందు మాలో పెద్దవాడు ఒక లైటు భుజానేసుకుని నడిచేవాడమ్మా. వ్యాను ఆగేచోటి నుంచి కెమెరా పెట్టేచోటి దాకా. మధ్యలో దించకూడదు. నోరు విప్పకూడదు. ఎక్కడ దించితే అక్కడ సుద్దముక్కతో గీత గీసేవాళ్ళు. కెమెరా ఆ గీత దాటడానికి వీల్లేదు. ఎంత పెద్ద డైరెక్టరయినా సరే."

"ఎవరైనా కావాలని ముందే దించేస్తే?"

"ఆ అనుమానమున్నవాడు తనే ఎత్తుకుని నడవచ్చు. మాట్లాడేవాడు మొయ్యాలి. అదీ రూలు."

"మరి ఎందుకు పోయింది అది?"

"లైట్లు తేలికయ్యాయి కదాని తీసేశారు. తేలికయ్యాయి కదాని రెట్టింపు తెచ్చారు." ఆయన నవ్వారు గానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "కిందటి సినిమాకి లైట్‌హౌసు మెట్లెక్కాం, ఇరవైమూడు రోజులు. మావాడొకడికి మోకాలు పోయింది. ఇప్పుడు సొంతింటి మెట్లు కూడా కూర్చుని దిగుతున్నాడు. ఎద్దు పుండు కాకికి నొప్పా? ఆ లొకేషను చూసినవాడికి అవార్డొచ్చింది."

ఆమె ఒక పళ్ళేన్ని రెండోసారి కడిగింది.

"నా కొండ అలాంటిది కాదండీ."

"ఎన్ని మెట్లు నీ కొండకి?"

"ఆరొందల... పన్నెండు."

"ఎన్నిసార్లు ఎక్కావు?"

"మూడుసార్లు."

"చేతిలో ఏమున్నాయి?"

"కెమెరా. కొలిచే టేపు. బిస్కెట్ ప్యాకెట్టు."

"దిగేటప్పటికి ఆ ప్యాకెట్టు ఇంకా తేలికయ్యుంటుంది," అన్నారు మామగారు గిన్నె అడుగు గీకుతూ. "మోసేవాడికే తెలుస్తుందమ్మా కావడి బరువు."

ఆ రాత్రి గదిలోకి వెళ్ళాక ఆమె లొకేషన్ పుస్తకం తీసి చూసుకుంది. ఎండ ఏ గంటకి ఎటు పడుతుంది, చప్పట్లు కొడితే ఎంత ప్రతిధ్వని, నీళ్ళెక్కడ, మరుగుదొడ్డెక్కడ, పాములున్నాయా, ఇరవై మూడు విషయాలు రాసి ఉన్నాయి. బరువు అన్న మాట ఎక్కడా లేదు. చదువుకున్న చదువంతా కంటికే గానీ భుజానికి చెప్పలేదు.

మర్నాడు ఆఫీసులో నిర్మాతకి ఈ సంగతి చెప్పింది. నిర్మాత మూడు ఫోన్ల మనిషి. ఒకటి చెవి దగ్గర, ఒకటి చేతిలో, ఒకటి ఎక్కడ పెట్టానా అని వెతుక్కుంటూ ఉంటాడు. చెడ్డవాడేం కాదు. ఓడిపోవడం ఇష్టముండదు, అంతే.

"లైట్లు మోసేవాళ్ళా నాకు లొకేషను చెప్పేది? రేపు టీలిచ్చేవాడొచ్చి కథ మార్చమంటాడు!"

"చెప్పాడు సార్ ఆల్రెడీ," అన్నాడు దర్శకుడు. "క్లైమాక్స్ మార్చద్దన్నాడు. మంచివాడు."

"మీరు నష్టపోయేదేం లేదండీ," అంది దిక్సూచి. "శుక్రవారం మేస్త్రిగారు నడుస్తారు. మధ్యలో దించేశారనుకోండి, మీరు పచ్చగుడ్డకి సంతకం పెట్టేసుకోండి, ఎవరూ అడగరు. కోట దాకా దించకుండా వెళ్ళారంటే సినిమా ఇక్కడే తియ్యాలి."

నిర్మాతకి ఏ వైపు చూసినా తనే గెలిచేటట్టు కనిపించింది. వస్తానన్నాడు.

శుక్రవారం పొద్దున్న కొండ కింద పెద్ద గుంపేమీ లేదు. నిర్మాత, దర్శకుడు, సంఘం తరఫున మామగారు, ఆయన తెచ్చిన ఇరవై రెండు కిలోల లైటు, చేతికర్రలా దాని స్టాండు గొట్టం. భర్త దుకాణానికి సెలవు పెట్టి మరీ వచ్చాడు. వాళ్ళమ్మ పాత దుప్పటి మడిచి కుట్టిన భుజంమెత్త ఒకటి అతని చేతిలో ఉంది. ఎవరు మోసినా పనికొస్తుందని ఇచ్చారట ఆవిడ.

మామగారు మెత్త భుజాన వేసుకుంటుంటే నిర్మాత గొంతు సవరించుకున్నాడు.

"మేస్త్రిగారూ, ఏమీ అనుకోకండి. ఈ కొండ వదులుకుంటే నాకూ ఖర్చే. మీరు ఇరవయ్యో మెట్టు మీద నడుం పట్టుకుని దించేశారనుకోండి, అది నిజం నొప్పో, సంఘం నొప్పో నాకెట్లా తెలుస్తుంది?"

"మాట్లాడేవాడు మొయ్యాలండీ," అన్నారు మామగారు, లైటు అతని వైపు జరిపి.

నిర్మాత లైటు వైపు చూశాడు. మెట్ల వైపు చూశాడు. తన పొట్ట వైపు చూసుకున్నాడు. అందరూ అక్కడే చూస్తున్నారని గ్రహించి ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"నేను మోస్తాను," అంది దిక్సూచి.

"నీకెందుకమ్మా?"

"నాకూ అనుమానముంది మామయ్యగారూ. ఈ మెట్లు ఎక్కొచ్చనే నా అనుమానం. ఆరొందల పన్నెండూ."

మొండితనం కాదది, ఆశ. బురుజు మీద మబ్బుల్ని మూడుసార్లు చూసిన మనిషి ఆమె. ఆ చోటు చేజారిపోతే మళ్ళీ ఎవరి కిందో చేరి, వాళ్ళ గొడుగు పట్టుకుని తిరగాలి. మామగారు ఆమె మొహం చూశారు. మెత్త ఆమె భుజం మీద సర్ది, లైటు ఎత్తి, "ఇక మాటల్లేవు. ఆగడం తప్పు కాదు. దించడం తప్పు" అన్నారు.

మొదటి ముప్ఫై మెట్లు ఇంతేనా అనిపించాయి. నలభై దగ్గర లైటుకి అర కిలో పెరిగింది. అరవై దగ్గర ఎవరో దానిమీద ఎక్కి కూర్చున్నట్టయింది.

భర్త పక్కనే నడుస్తున్నాడు. మోసేవాళ్ళు మాట్లాడకూడదు గానీ పక్కవాళ్ళు మాట్లాడకూడదని రూల్లేదు.

"పెళ్ళయ్యాక నేను చెప్తుంటే నువ్వు ఎదురు చెప్పకుండా వినడం ఇదే మొదటిసారి," అన్నాడు. "ఉండు, ఈ అవకాశం మళ్ళీ రాదు. మొన్న నీ చార్జరు పోగొట్టింది నేనే. రెండు... నీ సబ్బు వాడేది కూడా నేనే, ఆ వాసన నాకిష్టం. మూడు..."

ఆమె గుడ్లురిమింది. నవ్వొస్తే ఊపిరి పోతుంది, ఊపిరి పోతే లైటు పోతుంది. కొండంత బరువు కింద నవ్వాపుకోవడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది.

నూరో మెట్టు దాటాక నవ్వు కూడా రాలేదు. తల ఎత్తలేకపోయింది. ఇదివరకు మూడుసార్లు ఎక్కినప్పుడు ఆమె చూసింది పైన బురుజుని, పక్కన లోయని, దూరంగా మబ్బుల్ని. ఇప్పుడు కనిపించేది ఒక్క మెట్టే. ఆ తర్వాత ఇంకో మెట్టు. ప్రతి మెట్టూ ఎడమవైపున గరిటెలా గుంట పడి అరిగిపోయి ఉంది. ఎన్ని వందల ఏళ్ళు ఎన్ని వేల పాదాలు పడితే రాయి అలా అరుగుతుంది! తన పాదం సరిగ్గా ఆ గుంటలోనే పడుతోంది. బరువు మోసేవాళ్ళంతా అక్కడే అడుగేశారు కాబోలు, ఎడమ పక్కన, గోడకి ఆనుకుని. నూట ఇరవై. నూట ముప్ఫై. నూట ముప్ఫై ఒకటి.

పాదం తడబడింది. నూట ముప్ఫై రెండో మెట్టుకి గుంట లేదు.

ఆమె ఆగింది. పై మెట్టు చూసింది. దానికీ లేదు. ఆ పైదానికీ లేదు. అంచులు నిన్న చెక్కినట్టు పదునుగా ఉన్నాయి. కింది నుంచి ఇంతమంది నడిచొచ్చి, ఇక్కడి నుంచి రెక్కలు కట్టుకుని ఎగిరిపోయారా?

చెప్పడానికి నోరు విప్పకూడదు. గడ్డంతో మెట్టు చూపించింది.

"నీళ్ళా?" అన్నాడు భర్త. తల అడ్డంగా ఊపింది. "దురదా? ఎక్కడ? ముక్కా?" కాలితో నేలని తన్నింది. "కోపమా? సబ్బు గురించా?"

ఇతనికి చెప్పడం కన్నా నడవడం సులువు. ఆమె ఎడమవైపు తిరిగి, గోడ విరిగినచోట గుబురుగా పెరిగిన ముళ్ళపొదల్లోకి లైటుతో సహా దూరింది.

"ఎటు వెళ్తోందండీ ఆవిడ!" కింది నుంచి నిర్మాత అరిచాడు. "దిక్సూచి పాడైపోయింది!"

"గీత గియ్యాలా?" అన్నాడు దర్శకుడు అయోమయంగా.

మామగారు వంగి నూట ముప్ఫై ఒకటో మెట్టుని అరచేత్తో తడిమారు. నూట ముప్ఫై రెండో మెట్టుని తడిమారు. నిటారుగా నిలబడి, "ఎవరూ ఆపకండి ఆ పిల్లని" అని, లైటు స్టాండు గొట్టం తీసుకుని ఆమెకి ముందు నడిచి, ముళ్ళ కొమ్మలు అటూ ఇటూ తోశారు.

పొదల వెనకాల దారి ఉంది. మెట్లు కాదు, వాలుగా పరిచిన బండల దారి. రెండు బండ్లు పక్కపక్కన పోయేంత వెడల్పు. కాలు జారకుండా రాళ్ళ మీద అడ్డంగా గాట్లు పెట్టి ఉన్నాయి. అది కొండ నడుము చుట్టూ, తొందరేం లేదన్నట్టు, మెల్లగా పైకి తిరుగుతోంది. మధ్యమధ్య గోడలోకి చెక్కిన అరుగులు సరిగ్గా భుజమెత్తు ఉన్నాయి. బరువు దించకుండా అరుగుకి ఆనించి ఊపిరి తీసుకోవడానికి. ఆమె మొదటి అరుగు దగ్గర లైటుని ఆనించింది గానీ చేతులు వదల్లేదు. దించినట్టు కాదు కదా అని కళ్ళతోనే అడిగింది.

"కాదమ్మా. చెప్పాగా, ఆగడం తప్పు కాదు." మామగారు అరుగు అంచు తడిమారు. "చూశావా, మా భుజం కొలత తెలిసినవాడెవడో కట్టాడిది."

ఎంతసేపు నడిచిందో ఆమెకి తెలియదు. భుజం తనది కానట్టయింది. మెడ మీద చెమట చల్లగా మారినప్పుడు గాలి మారిందని తెలిసింది. ఒక పెద్ద కమాను కిందుగా నడిచి బయటికొచ్చేసరికి దారి అయిపోయింది.

అది కోట పెరడు. ఆమె మూడుసార్లు వచ్చి బురుజు మీద నుంచి మబ్బుల్ని చూసి వెళ్ళిపోయిందే తప్ప ఇటు తిరిగి చూడలేదు. పైనుంచి చూస్తే కనిపించేవి చెట్ల తలలే. వరసగా రాతి గదులు, తలుపులు లేవు. ఒక్కొక్క దానిలో గోడ వెంట నీళ్ళ తొట్టి. బరువులు మోసిన పశువుల్ని అక్కడ కట్టేసేవాళ్ళు కాబోలు. ఇప్పుడు ఆ గదుల్లో మబ్బులు పడుకుని ఉన్నాయి. ఒక్కొక్క గదిలో ఒక్కొక్కటి, మెల్లగా కదులుతూ, తొట్టి అంచుల మీద గడ్డం ఆనించినట్టు. ఒక పిల్లమబ్బు తునక మాత్రం గది విడిచి వాకిట్లోకి వచ్చి తచ్చాడుతోంది.

ఆమె లైటుని నేలమీద దించింది. అందరూ ఉన్నారని మరిచిపోయి, "ఒరేయ్, నీళ్ళు!" అని అరిచింది.

మామగారు దూరంగా చెట్టు మీద ఏదో పక్షిని చాలా ఆసక్తిగా చూడసాగారు. ఒరేయ్ అనిపించుకున్నవాడు చెవులదాకా నవ్వుతూ సీసా మూత తీసి ఇచ్చాడు.

వెనకాల వచ్చిన దర్శకుడు కమాను దగ్గరే నిలబడిపోయాడు. నోరు తెరిచాడంటే ఇక ఆగలేదు.

"కొట్టం! ఇది మబ్బుల కొట్టం! నేనెంత వెర్రివాణ్ణండీ! పదకొండేళ్ళుగా మందని సింహద్వారంలోంచి లోపలికి తోలుతున్నాను. మందని సింహద్వారంలోంచి ఎవడైనా తోలతాడా? పెరటిదారినే కదా తోలుకొస్తారు! ఈ వాలు మీద... ఆ అమ్మాయి వెనకాల అరుస్తూ... అబ్బ, ఆ చిన్నదాన్ని చూడండి, మాట వినట్లేదు చూడండి!"

నిర్మాత ఒగర్చుకుంటూ వచ్చి ఒక తొట్టి గట్టు మీద కూర్చున్నాడు. కాసేపు మబ్బు అతని బూట్ల మీద పాకింది. కాళ్ళు తీసుకోలేదు.

"మరి ఆ ఆరొందల పన్నెండు మెట్లో?" అన్నాడు చివరికి.

"పైవన్నీ రాజుగారికీ చుట్టాలకీ," అన్నారు మామగారు. "మోసేవాళ్ళకి దారి ఇది. కింది నూట ముప్ఫై ఒక్క మెట్లూ మోస్తే చాలు, ఆపైన చక్రాల బండి మీద లైట్లన్నీ తోసుకొచ్చేయొచ్చు. ఎవరి మోకాలూ పోదు."

"అప్పటి రాజు మంచివాడన్నమాట," అన్నాడు దర్శకుడు.

"రాజు సంగతి తెలీదు గానీ బాబూ, అప్పట్లో సంఘం గట్టిదయ్యుంటుంది."

నిర్మాత నవ్వాడు. నవ్వాక ఇక బిగుసుకోవడం కష్టం. అయినా ఒక ప్రయత్నం చేశాడు. "సరే మేస్త్రిగారూ, ఈ ఒక్క సినిమాకి మీ బరువు నడక ఒప్పుకుంటున్నాను."

"ఒక్కదానికి కాదండీ." మామగారు గొంతు పెంచలేదు. "నాలుగు నెలలు వెతికించారు. ఆకాశంలో డ్రోన్లు ఎగరేశారు. ఎవరికీ కనపడని దారి, ఇరవై రెండు కిలోలు భుజానికెత్తితే గంటలో కనపడింది. ఈ నడక మా కోసం అడుగుతున్నాం అనుకుంటున్నారు మీరు."

పిల్లమబ్బు దర్శకుడి చుట్టూ ఒకసారి తిరిగి, కమాను వైపు వెళ్ళిపోయింది. అతను దాని వెనకాల నాలుగడుగులు వేశాడు కూడా. నిర్మాత ఒక ఫోను తీసి నంబరు నొక్కాడు. సిగ్నలు అందలేదు. రెండోది తీశాడు. అందలేదు. మూడోది ఎక్కడ పెట్టాడో కనపడలేదు. "కిందికి దిగాక ఆ స్టూడియోవాళ్ళకి రావట్లేదని చెప్పాలి, ఎవరైనా గుర్తు చెయ్యండి," అన్నాడు విసుగ్గా. ఆ విసుగు వినడానికి ఎంత తియ్యగా ఉందో!

ఒప్పందం అక్కడికక్కడే, దర్శకుడి సంచీలోంచి తీసిన స్క్రిప్టు కాగితం వెనకవైపు రాశారు. దిక్సూచి చెప్తుంటే భర్త రాశాడు, కళ్ళద్దాల దుకాణంలో చీటీలు రాసి రాసి అతని దస్తూరీ ముత్యాలు. ఏ సినిమాకైనా, ఏ చోటైనా, బరువు నడక అయ్యాకే లొకేషను ఖాయం. నిర్మాత సంతకం పెట్టాడు. సోమవారం నుంచి వ్యాన్లు కదులుతాయని మామగారు అన్నారు. ఆ తర్వాత కాగితం తీసుకుని, జేబులోంచి కలం తీసి, అడుగున తన చేత్తో ఇంకో వాక్యం చేర్చారు.

దిక్సూచి పక్కనుంచి తొంగి చదివింది. "బరువు మోయవలసినది లొకేషన్ మేనేజరు."

"మామయ్యగారూ! ఇదన్యాయం!"

"అన్యాయమేముందమ్మా? ముప్ఫై అయిదేళ్ళు మోశాను. ఒక్క దారి కనిపెట్టానా?" అన్నారాయన, ఆమె వైపు చూసి మొదటిసారి పళ్ళన్నీ కనపడేలా నవ్వుతూ. "సంఘంలో పేరు కూడా రాయించుకో సోమవారం."

ఆ మాటకి ఆమెకి ఏడుపొచ్చినంత పనయింది. సంతోషానికి కూడా కళ్ళు మండుతాయని తెలిసింది. భర్త ఆమె కళ్ళజోడు తీసుకుని, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టాడు.

"అన్నట్టు," అన్నాడు దర్శకుడు, అంతా అయిపోయి కిందికి నడవబోతుండగా. "రెండో భాగం సంగతి చెప్పలేదు కదూ మీకు? నవల్లో పిల్లమబ్బు అలిగి వెళ్ళిపోయి అగ్నిపర్వతం నోట్లో దాక్కుంటుంది."

నలుగురూ ఆగి ఆమె వైపు తిరిగారు. ఆమె నొప్పెడుతున్న కుడి భుజం నిమురుకుంది.

"మెట్లున్నాయా దానికి?" అంది.